కరియ ప్రయాణం

మహాభారతంలో పాండవుల చివరి ప్రయాణాన్ని గురించి మీరు వినే ఉంటారు. రాజ్యాన్ని పరీక్షిత్తుకు అప్పగించి పాండవులు, ద్రౌపది బయలుదేరుతారు. ఒక కుక్క వారి వెంట నడుస్తుంది. దారిలో ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు ఒకరి తరువాత ఒకరు నేల కూలుతారు. చివరకు ధర్మరాజు, కుక్క మాత్రం మిగులుతారు. ఇంద్రుడు రథం తెచ్చి ధర్మరాజును ఎక్కమంటాడు. కుక్కకు మాత్రం స్వర్గంలో చోటు లేదంటాడు. నమ్మి వెంట వచ్చిన ప్రాణిని విడిచిపెట్టి తాను రానంటాడు ధర్మరాజు. ఆ కుక్క రూపంలో ఉన్నది ధర్మదేవత అని తరువాత తెలుస్తుంది. పదమూడవ శతాబ్దంలో తిక్కన ఈ కథను తెలుగు చేశాడు.

ధర్మరాజు విడువనన్నాడు. ఆ ఒక్క మాటతో పరీక్ష ముగిసింది. ఈ కాలంలో కుక్కను వెంటబెట్టుకొని దూరదేశం వెళ్ళదలచినవారికి పరీక్ష ఆ మాటతో మొదలవుతుంది. టీకాలు, రక్తపరీక్ష, ధ్రువపత్రాలు, పంజరం, విమానం – ఇన్ని మెట్లు ఎక్కాలి. “విడువను” అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ మాట నిలబెట్టుకోవడానికి నాలుగు నెలలకు పైగా పట్టడం 2023లో నేను మా ఇంట్లోనే చూశాను.

మాది హోసూరు. తమిళనాడులో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ఊరు. మా వీధిలో నిలబడితే తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపిస్తాయి. మా చెల్లెలి కాపురం బెంగుళూరులో. 2017లో ఒక వానాకాలపు సాయంత్రం వాళ్ళ వీధి మలుపులో ఒక కుక్కపిల్ల తడిసి వణుకుతూ కనిపించింది. అప్పటికి ఐదేళ్ళవాడైన మా మేనల్లుడు దాన్ని చొక్కాలో చుట్టి ఇంటికి తెచ్చాడు. నల్లగా నిగనిగలాడే ఆ పిల్లను చూసి ఎదురింటి కన్నడ అవ్వ “కరియ” అని పిలిచింది. ఆ పేరే నిలిచిపోయింది. అది జాతికుక్క కాదు. నిక్కిన చెవులు, చుట్ట తిరిగిన తోక ఉన్న మన నాటుకుక్క. “పేరు కన్నడం, చదువు తెలుగు” అని మా చెల్లెలు నవ్వేది. రా, కూర్చో, ఆగు, వద్దు – ఈ నాలుగు మాటలే కరియ చదువు.

2023 ఏప్రిల్‌లో మా బావకు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఉద్యోగం వచ్చింది. జూన్‌లో చేరాలి. ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఆ సంతోషం మధ్య మేనల్లుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: “మరి కరియ?”

చుట్టాలలో ఒక పెద్దాయన, “నాటుకుక్కే కదా, వీధిలో వదిలితే బతకదా?” అన్నాడు. బావ అలాంటి మనిషి కాదు. బాగా ఆలోచించి, “హోసూరులో మీ ఇంటికి పెరడు ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే కరియను మీ దగ్గర ఉంచుతాం” అని నన్ను అడిగాడు. అందులో తప్పేమీ లేదు. నాకు ఇష్టమే కూడా. కాని ఆ రాత్రి మేనల్లుడు నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: “మామా, దాన్ని తెచ్చింది నేను. ఇప్పుడు ఎందుకు వదిలేశావని అడగడానికి దానికి మాటలు రావు కదా!”

ఆ మాట తరువాత ఇంట్లో ఎవరూ ఆ చర్చ ఎత్తలేదు. మర్నాడే చెల్లెలు పశువైద్యుని దగ్గరకు వెళ్ళింది.

వైద్యుడు మొదట చెప్పిన మాట మమ్మల్ని నిరుత్సాహపరచింది. కరియకు ఏటేటా రేబిస్ టీకా వేయించారు. ఆ కాగితాలన్నీ ఉన్నాయి. అయినా అవి లెక్కకు రావు. ఐరోపా సమాఖ్య దేశాల నిబంధన ప్రకారం ముందుగా కుక్క శరీరంలో గుర్తింపు చిప్ అమర్చాలి. ఆ తరువాతనో, అదే రోజుననో వేసిన టీకా మాత్రమే చెల్లుతుంది. టీకా వేసింది ఈ కుక్కకేనని రుజువు ఉండాలి కదా! ఆ చిప్ బియ్యపు గింజంత ఉంటుంది. సూదితో భుజాల మధ్య చర్మం కింద పెడతారు. అందులో పదిహేను అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. చదివే పరికరాన్ని దగ్గరగా పెడితే ఆ సంఖ్య కనిపిస్తుంది. కుక్క ఎక్కడ తిరుగుతున్నదో అది చెప్పదు. అది ఏ కుక్కో మాత్రమే చెబుతుంది.

జూన్ రెండవ వారంలో కరియకు చిప్ అమర్చి, టీకా వేశారు. టీకా వేసిన తరువాత కనీసం ముప్పై రోజులు ఆగి రక్తం తీయాలి. ఆ రక్తాన్ని ఐరోపావారు ఆమోదించిన ప్రయోగశాలలో పరీక్షించాలి. రేబిస్‌ను ఎదిరించే ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉంటేనే ఉత్తీర్ణత. అప్పుడు కూడా, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు గడిచేదాకా ప్రయాణానికి వీలులేదు. భారతదేశం వంటి రేబిస్ ఉన్న దేశాల నుంచి వచ్చే కుక్కలకు ఈ నియమం. అన్నీ కలిపితే నాలుగు నెలలు. ఇంకొక షరతు కూడా ఉంది: యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య ఐదు రోజులకు మించి తేడా ఉండకూడదు.

అందువల్ల బావ జూన్‌లో ఒక్కడే వెళ్ళాడు. చెల్లెలు బెంగుళూరు ఇల్లు ఖాళీ చేసి, కొడుకుతో, కరియతో మా ఇంటికి వచ్చింది. మేనల్లుడు అక్కడి బడిలో రెండు నెలలు ఆలస్యంగా చేరవలసివచ్చింది. ఒక కుక్క కోసం కుటుంబం నాలుగు నెలలు రెండు దేశాలలో ఉండటమా అని నవ్వినవారు ఉన్నారు.

ఒకనాడు మేనల్లుడికే విసుగు వచ్చింది. “మామా, కరియకు ఏ జబ్బూ లేదు. వాళ్ళెందుకు నమ్మరు?” అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మా ఇద్దరికీ చాలా రోజులు పట్టింది. దొరికిన పుస్తకాలన్నీ చదివాం.

రేబిస్ అంటే మన పెద్దలు పిచ్చికుక్క కాటు రోగం అని చెప్పేది. దాన్ని కలిగించే క్రిమి జబ్బుపడిన జంతువు లాలాజలంలో ఉంటుంది. కాటు ద్వారా మరొక శరీరంలోకి పోయి, నరాల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. లక్షణాలు బయటపడ్డాక బతకడం అరుదులో అరుదు. కాని కాటుపడిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గర టీకాలు వేయించుకుంటే ప్రాణం దక్కుతుంది. ఈ టీకాను మొదటిసారి 1885 జూలైలో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ ఒక తొమ్మిదేళ్ళ బాలునిపై ప్రయోగించి అతన్ని కాపాడాడు. మన దక్షిణ దేశంలో ఈ వైద్యం కోసమే 1907లో నీలగిరులలోని కూనూరులో పాశ్చర్ సంస్థను నెలకొల్పారు.

జబ్బు లక్షణాలు బయటపడటానికి వారాలు, నెలలు పట్టవచ్చు. పైకి ఆరోగ్యంగా, హుషారుగా ఉన్న కుక్కలోనూ క్రిమి దాగి ఉండవచ్చు. మూడు నెలలు ఆగమనడంలోని అర్థం అది.

జర్మనీ కథ మరీ ఆసక్తికరంగా ఉంది. అక్కడ ఈ రోగాన్ని వ్యాపింపజేసినవి ముఖ్యంగా అడవి నక్కలు. నక్కలను పట్టి సూది వేయడం ఎవరి తరం? టీకా మందును ఎరలో పెట్టి అడవిలో వేస్తే అవే తింటాయి కదా అని శాస్త్రవేత్తలు ఆలోచించారు. 1978లో స్విట్జర్లాండులో కోడి తలకాయలలో మందు పెట్టి ఈ ప్రయత్నం మొదలుపెట్టారు. 1983 నుంచి జర్మనీ కూడా ఆ దారి పట్టింది. తరువాత యంత్రాలతో ఎరలు తయారుచేసి విమానాల నుంచి అడవులలో చల్లారు. ఇరవై ఐదేళ్ళ శ్రమ ఫలించి, 2008లో నక్కల రేబిస్ జర్మనీలో లేకుండా పోయింది.

ఇది చదివాక మేనల్లుడు కాసేపు మౌనంగా ఉండి, “అంత కష్టపడి పోగొట్టుకున్నారు. మళ్ళీ మనం తీసుకుపోతే బాగుండదు” అన్నాడు. ఆ రోజు నుంచి గోడ మీద తేదీల పట్టికలో ఒక్కొక్క రోజునూ తానే కొట్టేశాడు. “ఎందుకు నమ్మరు?” అని మళ్ళీ అడగలేదు.

ఈ నియమాలు ధనికులకొకటి, పేదలకొకటి కావు. 2015లో ఒక ప్రఖ్యాత హాలీవుడ్ నటుడు, ఆయన భార్య సొంత విమానంలో తమ రెండు చిన్న కుక్కలను అధికారులకు తెలపకుండా ఆస్ట్రేలియాకు తెచ్చారు. ఆ దేశంలో రేబిస్ లేదు. సంగతి బయటపడగానే, గడువులోగా వాటిని వెనక్కు పంపాలని ప్రభుత్వం ఆదేశించింది. కుక్కలు తిరిగి వెళ్ళవలసివచ్చింది. బ్రిటన్‌లో 2000వ సంవత్సరం దాకా, బయటి దేశాల నుంచి వచ్చే కుక్కలను ఆరు నెలలు వేరుగా ఉంచేవారు. దానితో పోలిస్తే సొంతవారి మధ్య నాలుగు నెలలు ఆగడం కరియకు సుఖమే. ఆపదలో నియమం సడలిన సందర్భమూ ఉంది. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం వచ్చినప్పుడు, అక్కడ చదువుకుంటున్న మన విద్యార్థులు కొందరు పెంపుడు జంతువులను వదిలి రామని పట్టుబట్టారు. మన ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించడంతో కుక్కలను, పిల్లులను వెంట తెచ్చుకోగలిగారు.

జూలై రెండవ వారంలో కరియ రక్తం తీశారు. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర సరిగా పట్టలేదు. ప్రతిరక్షకాలు చాలకపోతే మళ్ళీ టీకా, మళ్ళీ రక్తపరీక్ష, మళ్ళీ మూడు నెలలు. అంత కాలం ఆగడం చెల్లెలికి సాధ్యం కాదు. ఆ మాట ఎవరమూ పైకి అనలేదు. ఆగస్టులో ఫలితం వచ్చింది. కావలసినదానికంటె ఎక్కువే ఉన్నాయి. చెల్లెలు ఆ కాగితాన్ని దేవుని గూట్లో పెట్టింది.

ఇక పంజరం. విమానాలలో జంతువులను తీసుకుపోవడానికి అంతర్జాతీయ నియమావళి ఒకటి ఉంది. పంజరంలో కుక్క తల తగలకుండా నిలబడగలగాలి, కూర్చోగలగాలి, సహజంగా పడుకోగలగాలి, వెనక్కు తిరగగలగాలి. కొలతలకు లెక్క ఉంది. కరియను గోడ పక్కన నిలబెట్టి మేనల్లుడు టేపు పట్టాడు. ముక్కు నుంచి తోక మొదలు వరకు 80 సెంటీమీటర్లు, నేల నుంచి మోచేతి కీలు వరకు 30. మొదటిదానికి రెండవదానిలో సగం కలిపితే పంజరం పొడవు 95. భుజాల వెడల్పు 20. దానికి రెట్టింపు 40 పంజరం వెడల్పు. నిలబడినప్పుడు ఎత్తు 65. పరుపు మందం దానికి కలపాలి. ఇంతకంటె చిన్నది పనికిరాదు. కొంచెం పెద్దదే కొన్నాం. గాలి ఆడటానికి చుట్టూ కంతలు, తలుపు తెరవకుండానే బయటినుంచి నీళ్ళు పోయడానికి గిన్నె, “ప్రాణమున్న జంతువు” అని తెలిపే చీటీలు కూడా ఉండాలి.

పంజరం కొన్నంత మాత్రాన కుక్క అందులోకి పోతుందా? మొదటి రోజు కరియ దాన్ని చూసి పెరటి చివరకు పారిపోయింది. బలవంతం చేయవద్దన్నాడు వైద్యుడు. పంజరం తలుపు తీసి వసారాలో పెట్టాం. అన్నం గిన్నె మొదట పంజరం పక్కన, తరువాత గుమ్మంలో, ఆ తరువాత లోపల పెట్టాం. మేనల్లుడు తానే తల దూర్చి లోపల పడుకొని, “రా” అని పిలిచేవాడు. పది రోజులకు కరియ ముందుకాళ్ళు పెట్టింది. నెలకు లోపలే నిద్రపోయింది. తరువాత తలుపు మూసి ఐదు నిమిషాలు, అరగంట, రెండు గంటలు, చివరకు ఒక రాత్రి అలవాటు చేశాం. చెల్లెలు తన పాత నూలుచీర మడత పెట్టి పరచింది. ఆ చీర వాసన దానికి పుట్టినింటి వాసన.

“భయపడకుండా నిద్రమందు ఇస్తే?” అని అడిగాను. వైద్యుడు వద్దన్నాడు. మందు ఇస్తే రక్తపుపోటు పడిపోవచ్చు. ఊపిరి ఇబ్బంది కావచ్చు. పైన చూసేవారు ఉండరు. ముక్కు చప్పిడిగా ఉండే జాతుల కుక్కలకు ఊపిరి తీయడమే కష్టం కనుక చాలా విమానసంస్థలు వాటిని ఎక్కించుకోవు. మన నాటుకుక్క పొడుగు ముక్కు ఇక్కడ పనికివచ్చింది.

అక్టోబరు మూడవ వారంలో ప్రయాణం. అంతకుముందు కొద్ది రోజులలో బెంగుళూరులోని కేంద్రప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయంలో కరియను చూపించి ఆరోగ్య ధ్రువపత్రం తీసుకోవాలి. ముందే తీసుకుంటే చెల్లదు; పత్రం ఇచ్చిన పది రోజులలోగా ఐరోపాలో దిగాలి. అధికారి చిప్ సంఖ్యను చదివి, కాగితాలలోని సంఖ్యతో ఒక్కొక్క అంకె సరిచూశాడు. ఒక్క అంకె తేడా వచ్చినా ప్రయాణం ఆగిపోతుంది.

ఆ రాత్రి దేవనహళ్ళి విమానాశ్రయంలో కరియను అప్పగించాం. ఇరవై కిలోల కుక్కను మనుషుల పక్కన కూర్చోబెట్టరు. అదే విమానంలో కింది అరలో, గాలి ఒత్తిడినీ వేడినీ అదుపులో ఉంచే చోట పెడతారు. అక్కడ జంతువు ఉందని విమానం నడిపేవారికి ముందే తెలుపుతారు. ఇవన్నీ మాకు తెలుసు. కరియకు తెలియదు. పది గంటల చీకటి, హోరు, తరువాత మళ్ళీ మనం కనిపిస్తామని దానికి చెప్పే భాష మా దగ్గర లేదు. మేనల్లుడు పంజరం దగ్గర వంగి, “కూర్చో” అన్నాడు. కరియ కూర్చుంది. “ఆగు” అన్నాడు. బండి కదిలి వెళ్ళేదాకా అది వాడి ముఖాన్నే చూస్తూ కదలకుండా ఉంది. వాడు ఏడవలేదు. తిరిగి నడుస్తున్నప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో పశువైద్యులు చిప్, పత్రాలు చూసి కరియను ఇంటికి పంపారట. అది ముందు నీళ్ళు తాగిందట, తరువాత బావ బూట్లు వాసన చూసిందట, ఆ తరువాత తోక ఆగలేదట.

కుక్కను పెంచేవారంతా ఇలాగే తీసుకుపోవాలని నేను అనను. ముసలిదై, గుండె బలహీనపడి, ప్రయాణం తట్టుకోలేని కుక్కను లాక్కుపోవడం దయ కాదు. దాన్ని ప్రేమగా చూసేవారి చేతిలో పెట్టి, ఖర్చుకు పంపుతూ, యోగక్షేమాలు కనుక్కుంటూ ఉండటం కూడా విడువకపోవడమే. ఖర్చు భరించలేనివారూ ఉంటారు. మా చెల్లెలికి మనిషి టికెట్టు కంటె కరియ ఖర్చే ఎక్కువైంది. విడువడమంటే తలుపు తీసి వీధిలోకి తోలి, వెనక్కు చూడకపోవడం. తీసుకుపోవాలా, ఉంచాలా అన్నది ఏదైనా కావచ్చు. ఆ ఆలోచన మాత్రం ప్రయాణం ఖాయమైన రోజునే మొదలుకావాలి. మనుషులకు పెట్టె సర్దుకోవడానికి ఒక్క రోజు చాలు. మాట రాని ప్రాణికి నాలుగు నెలలు కావాలి.

మేనల్లుడు నెలకొక ఉత్తరం తెలుగులో రాయాలని నేను ముందే మాట తీసుకున్నాను. మొదటి ఉత్తరంలో ఇలా రాశాడు:

“మామా, ఇక్కడ కుక్కకు పన్ను కట్టాలి. కరియ మెడలో బిళ్ళ వేశారు. రైలులో దానికి టికెట్టు కొన్నాం. ఎద్దుకు కట్టినట్టు మూతికి చిక్కం కట్టాం. చలికి వణికితే అమ్మ కోటు కుట్టింది. నాకు ఇంకా జర్మన్ రాదు. బడిలో ఎక్కువగా మాట్లాడను. సాయంత్రం కరియను తిప్పేటప్పుడు మాత్రం వీధంతా వినబడేలా తెలుగు మాట్లాడతాను. దానికి అదే వచ్చు కదా! ఎదురింటి తాత రోజూ మమ్మల్ని చూసి, ఆ మాటలేమిటని అడిగాడు. ‘కూర్చో’ నేర్పాను. ఆయన ‘కుర్షో’ అంటాడు. అయినా కరియ కూర్చుంటుంది.”